ఎండసీమలో తెడ్డు చప్పుడు

*కరువు పేరుతోనే లోకానికి తెలిసిన కడప, కర్నూలు సీమలో ఇప్పుడు కయాక్‌లు తిరుగుతున్నాయి. గండికోట లోయలో మొదలైన ఈ ఆట సంగమేశ్వరం దాకా సాగగలదు. అయితే ఆ తెడ్డు ఎవరి చేతిలో ఉండాలి?*

డిసెంబరు పొద్దు. ఎండ ఎర్రకొండల నెత్తిన మాత్రమే పడింది. లోయ అడుగున నీళ్లు ఇంకా నీడలోనే ఉన్నాయి. దారి నీళ్లలోకి దిగేచోట పసుప్పచ్చ పడవలు వరసగా బోర్లించి ఉన్నాయి. ఇరవై ఏళ్లు నిండీ నిండని కుర్రాడు ఒకదాన్ని తిరగేసి, రాత్రి మంచుకు తడిసిన కూర్చునే చోటును తువ్వాలుతో తుడుస్తున్నాడు. బెంగళూరు నుంచి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చిన జంట ఒడ్డున నిలబడి చూస్తోంది. భర్తకు ఉత్సాహం, భార్యకు జంకు.

“ఈత వస్తాదా అక్కా?”

“రాదు.”

“రాకున్నా ఏం కాదులే. జాకెట్టు మాత్రం ఇప్పితే ఒప్పుకోను.”

జాకెట్టు పట్టీలు తానే లాగి బిగించాడు. భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తి చూశాడు. గడ్డం దాకా జారి రాలేదు, సరిపోయింది. రెండు కొసలా రెక్కలున్న తెడ్డు చేతికిచ్చి, “చేతుల్తో లాగొద్దండీ, నడుము తిప్పండి. చేతుల్తో లాగితే కాసేపటికే నొప్పులొస్తాయి” అన్నాడు. పడవ అడుగు ఇసుకను గీరుకుంటూ వెళ్లి తేలింది. మొదటి పది తెడ్లకూ పడవ గిరగిరా తిరిగింది. ఆ తర్వాత ఇద్దరి తెడ్లూ ఒకేసారి పడ్డాయి, పడవ సాపుగా ముందుకు కదిలింది. రెండు పక్కలా నిలువునా లేచిన బండల మధ్యకు వెళ్లేసరికి మాటలు వాటంతటవే ఆగిపోయాయి. అక్కడ వినిపించేది తెడ్డు నుంచి జారే చుక్కల చప్పుడే. కోట అంచున ఫొటోలు తీసుకునేవాళ్లు చెయ్యి ఊపుతున్నారు. ఇంతసేపూ జంకిన ఆవిడే మొదట తెడ్డెత్తి బదులిచ్చింది.

గండికోట అనగానే మనకు అలవాటైన బొమ్మ ఒకటుంది: అంచున నిలబడి కిందికి చూసే మనిషి. రీల్స్‌ నిండా అదే. కింది నుంచి పైకి చూస్తే ఈ లోయ వేరేగా ఉంటుంది. పెన్నా ఎర్రమల కొండలను కోసిన తీరు, బండ బండకూ మధ్య పొరలు, వానకారు నీటిమట్టం రాతి మీద వదిలిన గీతలు, అన్నీ చేతికందేంత దగ్గరికి వస్తాయి. కయాక్‌ ఇచ్చేది ఆ దగ్గరితనమే. ఇంజిన్‌ లేదు, డీజిల్‌ వాసన లేదు. మనిషి బలమెంతో వేగమంత.

ఈ మధ్య గండికోట మాట తరచుగా వినబడడానికి కారణం ఉంది. 2024 నవంబరులో కేంద్రం, రాష్ట్రాల పెట్టుబడులకు ఇచ్చే ప్రత్యేక సాయం కింద గండికోట అభివృద్ధికి రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. కోట దగ్గర ఇప్పటికే సాహసక్రీడల అకాడమీ ఉంది. కొండ ఎక్కడం, తాడు పట్టుకుని దిగడం వంటివి అక్కడ నేర్పుతున్నారు. అద్దాల వంతెన గురించి, టెంట్ల గురించి, హోటళ్ల గురించి చర్చ బాగానే జరుగుతోంది. నీళ్ల గురించి చర్చ తక్కువ. మన ఈ కథనం నీళ్ల గురించే.

ఈ నీళ్లు ఎక్కడివి?

గండికోట లోయలో నిలిచిన నీళ్లను చూసి పెన్నా నిండుగా పారుతోందనుకుంటారు కొత్తగా వచ్చినవాళ్లు. పెన్నా ఏడాదిలో చాలా నెలలు ఇసుక నది. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప, నెల్లూరు మీదుగా 597 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలిసే ఈ నది, వాన పడితేనే నది. మరి లోయలో పడవ తేలేటన్ని నీళ్లు ఎలా నిలిచాయి?

కోటకు ఎగువన గండికోట జలాశయం ఉంది. దిగువన మైలవరం జలాశయం. మధ్యలో ఈ లోయ. మైలవరం ఆనకట్ట వెనక నిలిచిన నీరే వెనక్కి తన్ని లోయ అడుగున పరుచుకుంటుంది. కయాక్‌ తేలేది ఆ వెనక నీళ్ల మీద.

ఇక గండికోట జలాశయానికి వచ్చే నీటి ప్రయాణం ఇంకా పెద్దది. మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ శ్రీశైలం చేరి, పోతిరెడ్డిపాడు తూముల గుండా మళ్లి, బానకచర్ల, గోరకల్లు, అవుకు దాటి, కొండల కింద తవ్విన సొరంగాల గుండా గాలేరు–నగరి సుజల స్రవంతి పేరుతో ఇక్కడికొస్తుంది. సహ్యాద్రి వాన జమ్మలమడుగు మెట్టసీమను చేరుతోందన్నమాట. ఈ దారి కోసం సీమ ప్రజలు దశాబ్దాలు ఎదురుచూశారు, ఉద్యమాలు చేశారు.

ఆ నీళ్లు నిలవడానికి కొందరు ఊళ్లు వదిలారు. గండికోట జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. ఆ మేర నీళ్లు నిలిపింది 2020 చివరలో. దానికి కొన్ని నెలల ముందు కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరులో ఇళ్లలోకి నీళ్లు వస్తుంటే జనం రోడ్డు మీద కూర్చున్నారు. పరిహారం అందలేదనీ, కట్టుకున్న ఇంటిని ఇంత తొందరగా ఎలా వదలమంటారనీ అడిగారు. చివరికి ఊరు ఖాళీ అయింది, నీళ్లు నిండాయి. పులివెందుల, చిత్రావతి వైపు పంపులు తిరిగాయి, చీనీ తోటలకు ఊపిరొచ్చింది. రెండూ నిజాలే. ఇక్కడ తెడ్డు వేసే ప్రతివారికీ ఈ రెండూ తెలియాలి. గైడు చెప్పే మొదటి కథ రాజులదే కానక్కర్లేదు. ఈ నీటి కథ చెప్పినా వినేవాళ్లకు కళ్లు చెమరుస్తాయి.

> లోయ ఒడ్డున చరిత్ర
> గండికోటకు మొదటి పునాది 1123లో కాకరాజు వేశాడని స్థానిక చరిత్ర చెబుతుంది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల ఏలుబడిలో కోట వెలిగింది. 1650లో గోల్కొండ సేనాని మీర్‌ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. రెండేళ్ల తర్వాత, 1652లో, ఫ్రెంచి రత్నాల వ్యాపారి తవెర్నియె మీర్‌ జుమ్లాను కలవడానికి ఇక్కడికొచ్చాడు. కోటకు చేరే దారి ఎంత ఇరుకో, ఓ పక్క అగాధం ఎంత లోతో తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. కోటలో మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం చూడదగినవి.

ఒకప్పుడు ఇక్కడా సముద్రమే

కయాకింగ్‌ అంటే చాలామందికి గుర్తొచ్చేది సముద్రతీరం. నార్వే, గ్రీస్‌, న్యూజిలాండ్‌, మన దగ్గరైతే అండమాన్‌, గోవా, విశాఖ రుషికొండ. తీరం వెంబడి చిన్న పడవల్లో సాగుతూ, సాయంత్రానికి ఏదో ఇసుక తిన్నె మీద గుడారం వేసుకుని, మర్నాడు మళ్లీ బయల్దేరే యాత్రలు ప్రపంచమంతా ఉన్నాయి. కొందరు గైడు వెంట గుంపుగా వెళ్తారు, కొందరు అన్నీ సర్దుకుని తామే వెళ్తారు. కడప, కర్నూలుకు సముద్రం లేదు. అయినా ఈ సీమకు సముద్రం బొత్తిగా తెలియనిది కాదు.

భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్‌ అని పిలిచే ఈ ప్రాంతం నూట యాభై కోట్ల ఏళ్లకు పూర్వం లోతు తక్కువ సముద్రం. గండికోట గోడలుగా నిలిచిన బండలు క్వార్ట్‌జైట్‌. అంటే నీటి అడుగున పేరుకున్న ఇసుక, బరువుకూ వేడికీ గట్టిపడి రాయి అయింది. శాస్త్రవేత్తలు ఆ పొరకు గండికోట క్వార్ట్‌జైట్‌ అనే పేరే పెట్టారు. ఈ బేసిన్‌ రాళ్లలో చాలాచోట్ల అలల ముద్రలు నేటికీ కనిపిస్తాయి. వేంపల్లె దగ్గరి సున్నపు రాళ్లలో ఆనాటి సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గూళ్ల ఆకారాలు ఉన్నాయి. చేపలు పుట్టకముందు, చెట్టు మొలవకముందు ఇక్కడ ఒడ్డును తాకిన అల రాతిలో అలాగే నిలిచింది. కయాక్‌ను బండకు దగ్గరగా తీసుకెళ్లి ఆ మడతల మీద వేలు పెట్టి చూస్తే, తీరయాత్రకు సముద్రం దాకా వెళ్లనక్కర్లేదనిపిస్తుంది.

కయాక్‌ పుట్టింది ఆర్కిటిక్‌ మంచు తీరాల్లో. ఇనూయిట్‌ జాతి వేటగాళ్లు కొట్టుకొచ్చిన కట్టెలతో, ఎముకలతో చట్రం కట్టి, దాని మీద సీల్‌ తోలు బిగించి కుట్టేవారు. ఒక్క మనిషి, ఒక్క తెడ్డు. మన తుంగభద్ర మీద పుట్టిదీ అలాంటి పుట్టుకే. వెదురు బద్దలతో బుట్ట అల్లి పశువు తోలు కప్పేవారు. ఇప్పుడు తోలు పోయి టార్పాలిన్‌, తారు వచ్చాయి. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్‌, ఆనెగొంది దగ్గర పదిహేను ఇరవై మందిని ఎక్కించుకుని నది దాటించే గుండ్రటి తోలు పడవల గురించి ప్రత్యేకంగా రాశాడు. తెడ్డు వేస్తే తిన్నగా పోక గుండ్రంగా తిరుగుతాయని కూడా గమనించాడు. మంత్రాలయం దగ్గర, కర్నూలు దగ్గర నేటికీ పుట్టి నడిపేవాళ్లున్నారు. గిరగిరా తిరిగే పుట్టిని ఒక్క తెడ్డుతో తిన్నగా నడిపించగల చేతులకు కయాక్‌ ఓ లెక్క కాదు. ఆ నైపుణ్యం మన దగ్గరే ఉండగా, గైడ్లను బయటి నుంచి తెచ్చుకోవాలనే ఆలోచన నాకు మింగుడుపడదు.

> ఏడేళ్ల తెడ్డు
> ఆస్కార్‌ స్పెక్‌ అనే జర్మన్‌ యువకుడు 1932లో పని దొరక్క, మడతపెట్టే కయాక్‌ వేసుకుని ఉల్మ్‌ పట్టణం నుంచి డాన్యూబ్‌ నదిలో దిగాడు. మధ్యధరా సముద్రం, పర్షియన్‌ గల్ఫ్‌ దాటి భారత తీరం వెంబడి, బర్మా, ఇండోనేసియా మీదుగా 1939లో ఆస్ట్రేలియా చేరాడు. దాదాపు 50 వేల కిలోమీటర్లు. అప్పటికే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. శత్రుదేశస్థుడని చెప్పి అతణ్ని నిర్బంధ శిబిరంలో పెట్టారు. యుద్ధం అయ్యాక అక్కడే స్థిరపడ్డాడు.

బావులు ఎండాయి, ఈత పోయింది

కయాక్‌ ఎక్కడానికి వచ్చేవాళ్లలో ఈత రానివాళ్లే ఎక్కువ. నగరాల నుంచి వచ్చినవాళ్లు సరే, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకూ రాదు. ఇది కొత్త సంగతి. వాళ్ల తాతలకు ఈత బాగా వచ్చు.

సీమలో ఈత నేర్పింది నదులు కాదు, బావులు. కపిల తోలే పెద్ద పెద్ద దిగుడు బావులు ఊరూరా ఉండేవి. ఎండాకాలం సెలవులొస్తే పిల్లలంతా బావి గట్టు మీదే. నడుముకు ఎండిన సొరబుర్రో, బెండో కట్టి, తాడు కొస మామ చేతిలో ఉంచుకుని, పిల్లవాణ్ని నీళ్లలోకి తోసేవారు. రెండు రోజులు గుటకలు మింగేవాడు, మూడోరోజు తేలేవాడు. వేసవి ముగిసేసరికి గట్టు మీద నుంచి దూకి, అడుగున మట్టి పిడికెడు తెచ్చి చూపేవాడు. ఆడపిల్లలకు ఆ వీలు తక్కువ. అయినా తోట బావుల్లో తండ్రుల దగ్గర నేర్చుకున్నవాళ్లు లేకపోలేదు.

బోర్లొచ్చాయి. ఊటలు అడుగంటాయి. బావులు ఎండి, పూడి, ముళ్లకంపకు ఆవాసమయ్యాయి. బావితోపాటు ఈత కూడా పోయింది. ఒక తరం మొత్తం నీటితో పరిచయం లేకుండా పెరిగింది. అదే సమయంలో సీమ చుట్టూ నీళ్లు పెరిగాయి: గండికోట, మైలవరం, అవుకు, గోరకల్లు, వెలుగోడు, శ్రీశైలం. ఇంత లోతు నీళ్లు ఈ నేల మీద ఎన్నడూ నిలవలేదు. నీళ్లొచ్చే వేళకు నీటి విద్య పోయింది. కాలువల్లో, జలాశయాల అంచుల్లో సెలవు రోజుల్లో పిల్లలు మునిగిపోయారన్న వార్త జిల్లా పేజీల్లో ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ వార్త చదివినప్పుడల్లా ఆ ఎండిన బావి గుర్తొస్తుంది.

నీరు ఈ సీమకు చెప్పాపెట్టకుండా వస్తుంది కూడా. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఒక్కటై కర్నూలు నగరాన్ని ముంచేశాయి. కరువు జిల్లా కేంద్రంలో జనం మిద్దెల మీద నిలబడి పడవ కోసం ఎదురుచూశారు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట మండలంలోని పులపుత్తూరు, మందపల్లి వంటి ఊళ్లను ఊడ్చుకుపోయింది. అలాంటి వరదను ఈత ఒక్కటీ ఆపలేదు. కానీ నీటి తీరు తెలిసిన మనుషులు, నడపగలిగిన చిన్న పడవలు ఊరికి నాలుగున్నా కొన్ని ప్రాణాలు దక్కుతాయి.

అందుకే ఈ కయాక్‌లను కేవలం వారాంతపు వినోదంగా చూడడం నాకు సరిపోదు. గండికోటలో, అవుకులో రేవు కట్టినప్పుడు, మంగళ, బుధవారాల్లాంటి యాత్రికులు పల్చగా ఉండే రోజుల్లో, ఆ పడవలు చుట్టుపక్కల బడిపిల్లలవి కావాలి. జాకెట్టు వేసుకోవడం, బోర్లాపడిన పడవ నుంచి బయటపడడం, తాడు విసరడం, మునిగేవాడి దగ్గరికి ఎదురుగా వెళ్లకూడదని తెలుసుకోవడం, ఇవన్నీ ఆటలో భాగంగానే వస్తాయి. నీటిలో మునిగి ప్రపంచంలో ఏటా దాదాపు మూడు లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2021లో ఐక్యరాజ్యసమితి జులై 25ను మునక మరణాల నివారణ దినంగా ప్రకటించింది. బడి క్యాలెండరులో ఆ రోజుకు ఇంకా చోటు దొరకలేదు.

నీటి ఆటలకు సముద్రమే అక్కర్లేదనడానికి భోపాల్‌ సాక్ష్యం. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న ఆ నగరపు చెరువులో తెడ్డు పట్టిన ప్రాచీ యాదవ్‌, నడవలేని కాళ్లతో, 2023 హాంగ్‌ఝౌ పారా ఆసియా క్రీడల్లో కయాక్‌ పందెంలో బంగారు పతకం తెచ్చింది. మైలవరం ఒడ్డున అలాంటి బిడ్డ ఎవరున్నారో ఇంకా ఎవరూ వెతకలేదు.

తోడుతో ఒక తీరు, ఒంటరిగా మరో తీరు

గైడుతో వెళ్లే యాత్రకూ సొంతంగా వెళ్లే యాత్రకూ తేడా ధైర్యంలో లేదు, బాధ్యతలో ఉంది. గైడు ఉంటే గాలినీ, గేట్లనూ, గడియారాన్నీ అతను చూసుకుంటాడు. మనం లోయను చూస్తాం. ఒంటరిగా వెళ్తే అవన్నీ మనమే చూసుకోవాలి.

ముందుగా గాలి. సీమలో గాలిమరలు అన్ని నిలబెట్టారంటే ఊరికే కాదు. జూన్‌ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి కొండ గట్ల మీద ఈల వేస్తుంది. బయట ఓ మోస్తరుగా ఉన్న గాలి లోయ ఇరుకులో దూరితే జోరందుకుంటుంది. వెళ్లేటప్పుడు వీపు వెనక గాలి ఉంటే పడవ సునాయాసంగా పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురై, అరగంట దారి రెండు గంటలు పడుతుంది. తెలిసినవాళ్లు అందుకే మొదట ఎదురుగాలికి వెళ్లి, అలసిన చేతులతో గాలివాటున తిరిగొస్తారు.

రెండోది నిలువు బండలు. మామూలు చెరువులో అలిసిపోతే ఎక్కడైనా ఒడ్డుకు చేరొచ్చు. లోయలో చాలాదూరం కాలు మోపే చోటే ఉండదు. పడవ బోర్లాపడితే నీళ్లలోనే దాన్ని తిరగేసి, నీళ్లలోనే ఎక్కాలి. ఆ పని ముందుగా ఒడ్డు దగ్గర సాధన చేయనివారు లోయలోకి ఒంటరిగా వెళ్లకూడదు. ఇందులో నాకు రెండో మాట లేదు.

మూడోది ఎగువ గేట్లు. గండికోట జలాశయం నుంచి మైలవరానికి నీళ్లు వదిలితే లోయలో ప్రవాహం మొదలవుతుంది, మట్టం పెరుగుతుంది. ఆ సంగతి జలవనరుల శాఖకు ముందే తెలుసు. పడవ రేవులో బోర్డు మీదికి ఆ కబురు రోజూ చేరే ఏర్పాటు ఉండాలి. కోట్ల పనుల జాబితాలో ఇంత చవకైనది మరోటి ఉండదు, ఇంత అవసరమైనదీ ఉండదు.

ఇక వలలు. మైలవరం నీళ్లలో చేపలు పట్టి బతికేవాళ్లున్నారు. సాయంత్రం వేసిన వల పొద్దున్నే తీస్తారు. బెండ్లు తేలుతున్న వరస కనిపిస్తే దాన్ని దాటకుండా చుట్టి పోవాలి. తెడ్డు తగిలి వల చిరిగితే ఆ ఇంటి ఆ రోజు సంపాదన పోయినట్టే. ఆటకు వచ్చినవాళ్లు బతుక్కి వచ్చినవాళ్లకు దారి ఇవ్వాలి.

నదుల్లో విహారం అనగానే తెలుగువాళ్ల మనసులో కచ్చులూరు మెదులుతుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో వరద ఉన్నా బయల్దేరిన బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత రాష్ట్రంలో పర్యాటక బోట్లు చాలాకాలం ఆగాయి, నిబంధనలు బిగిశాయి. కయాక్‌ చిన్నది, ఒకరిద్దరిదే. అయినా పాఠం అదే: నది వద్దన్నరోజు వద్దు. టికెట్టు డబ్బు వెనక్కి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవాడే మంచి నిర్వాహకుడు.

> నీళ్లలోకి దిగేముందు
> అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలమైన కాలం. ఎండాకాలంలో బండలు వేడెక్కి లోయ పొయ్యి అవుతుంది, పొద్దున తొమ్మిదిలోపే ఒడ్డుకు రావాలి. జాకెట్టు కూర్చునేటప్పుడే కాదు, ఒడ్డు మీద నుంచే వేసుకోవాలి. టోపీ, తాగేనీళ్లు, విజిల్‌, తడవని సంచిలో ఫోను ఉండాలి. లోయలో సిగ్నల్‌ ఉంటుందని నమ్ముకోవద్దు, ఎప్పటికి తిరిగొస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లండి. మద్యం ముట్టినవారు ఆ పూటకు పడవ మరిచిపోవాలి. కోట జమ్మలమడుగుకు 15 కిలోమీటర్లు. దగ్గరి రైలు స్టేషన్లలో ముద్దనూరు ఒకటి.

కాలువ మీద పడవలు నడపాలనుకున్న కాలం

సీమలో జలయాత్ర కొత్త ఊహ అనుకునేవాళ్లు కర్నూలు–కడప కాలువ కథ వినాలి. మనం కేసీ కాలువ అంటాం. మద్రాస్‌ ఇరిగేషన్‌ కంపెనీ 1863లో తవ్వకం మొదలుపెట్టింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి, కర్నూలులో హంద్రీ నది పైనుంచి కాలువను దాటించి, నంద్యాల మీదుగా కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా తెచ్చారు. దాని ఉద్దేశం సేద్యం ఒక్కటే కాదు. పడవలు నడపడం కూడా. పత్తి, ధాన్యం బండ్ల మీద కాక నీళ్ల మీద వెళ్లాలని లెక్కలు వేశారు. లెక్క కుదరలేదు. కంపెనీ నష్టాల్లో కూరుకుంది. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. 1933 తర్వాత అది కేవలం సాగుకాలువ.

ఇవాళ కేసీ కాలువలో కయాక్‌ వేయమని నేననను. తూములున్నాయి, సుడులున్నాయి, ఒడ్డు సిమెంటు వాలు మీద కాలు నిలవదు. కాలువలు ఈతకూ ఆటకూ చోట్లు కావు. అయితే అవుకు అలాంటిది కాదు. నంద్యాల జిల్లాలో కొండల మధ్య విశాలంగా పరుచుకున్న ఆ జలాశయంలో పర్యాటక బోట్లు ఇప్పటికే తిరిగాయి. లోయలోలా నిలువు గోడలు లేవు, అలిసినవారు గట్టు చేరొచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి మొదటి బడి అవుకు, పై తరగతి గండికోట. బేలం గుహలు చూసి, అవుకులో తెడ్డు పట్టి, మర్నాడు గండికోట చేరితే రెండు రోజుల యాత్ర చక్కగా కుదురుతుంది.

సంగమేశ్వరం దాకా

తీరం వెంబడి రోజుల తరబడి సాగే యాత్రకు ఈ సీమలో సరితూగేది ఒక్కటే ఉంది, శ్రీశైలం వెనక నీళ్లు. నల్లమల కొండల మధ్య కృష్ణ కట్టిన ఆ విశాలమైన నీటిలో వంకలు, దీవులు, ఇసుక తిన్నెలు ఎన్నో. పొడవైన, సన్నని సముద్రపు కయాక్‌లకు అసలైన పని అక్కడ దొరుకుతుంది. ముందూ వెనకా నీరు చొరని అరలు, వాటిలో అన్నం గిన్నెలు, గుడారం, నడుము చుట్టూ నీళ్లు పడకుండా బిగించే తొడుగు. గండికోటలో తిరిగే పొట్టి వెడల్పు ప్లాస్టిక్‌ పడవలు అక్కడ చాలవు.

అక్కడి నడిమధ్య సప్తనది సంగమేశ్వరం. ముచ్చుమర్రికి దగ్గరలో కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి కలిసే చోటుగా పేరుపడ్డ గుడి. జలాశయం నిండినప్పుడు గుడి నీటి అడుగునే ఉంటుంది. వేసవికి మట్టం దిగేకొద్దీ మొదట శిఖరం, తర్వాత గోడలు, చివరికి లింగం బయటపడతాయి. పూజారి బురద కడిగి దీపం పెడతాడు. వానకారు వరదకు గుడి మళ్లీ మునుగుతుంది. 1981లో శ్రీశైలం నీళ్లకు ఊళ్లు వదిలిన కుటుంబాలవాళ్లు వేసవిలో వచ్చి, బయటపడ్డ మొండి గోడల మధ్య తమ ఇల్లు ఇక్కడే అని పిల్లలకు చూపిస్తారు. నీళ్ల మీద విహరించేవారికి అడుగున ఊళ్లున్నాయన్న స్పృహ ఉండాలి.

ఇక్కడ సొంతంగా వెళ్లే యాత్రకు అడ్డంకులు నిజమైనవి. నీటికి దిగువవైపు చాలా భాగం నాగార్జునసాగర్‌–శ్రీశైలం పులుల అభయారణ్యం. దేశంలో విస్తీర్ణంలో అతిపెద్దదీ ఇదే. అటవీశాఖ అనుమతి లేనిదే అడవి ఒడ్డున దిగకూడదు, రాత్రి బస అసలే వద్దు. కృష్ణలో మొసళ్లు ఉన్నాయి. వరద రోజుల్లో సుడులు తిరిగే మలుపులున్నాయి. నీటి మధ్యలో రెండు రాష్ట్రాల సరిహద్దు ఉంది. అనుమతి ఒకచోట, రక్షణ పడవ మరోచోట అయితే ప్రమాదం వేళ ఎవరిని పిలవాలో తెలియదు. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ పర్యాటక శాఖలు కలిసి ఒకే దారి, ఒకే చిట్టా, ఒకే ఫోను నంబరు పెట్టనంతకాలం ఇక్కడ గైడు లేని యాత్రకు తొందరపడకపోవడమే మేలు.

నది ఆ గట్టున సోమశిల, ఈ గట్టున సిద్ధేశ్వరం. రెండు గట్ల జనానికి పెళ్లికీ పేరంటానికీ పడవే దారి. 2007 జనవరిలో మంచాలకట్ట, నెహ్రూనగర్‌ మధ్య పడవ మునిగి ఎన్నో ఇళ్లలో చీకటి నిండింది. వంతెన కావాలన్న కోరిక ఆ దుఃఖంతో గట్టిపడింది. సోమశిల దగ్గర తీగల వంతెనకు 2022లో కేంద్రం రూ.1,082 కోట్లు ఆమోదించింది. వంతెన రావాలి, అందులో అనుమానం లేదు.

వంతెన వచ్చిన రోజు ఆ రేవుల్లో పడవ నడిపేవాళ్లకు బేరం పోతుంది. ఏ నెలలో ఏ తిన్నె మునుగుతుందో, ఏ వంకలో మొండి చెట్లు నీటి కింద దాగి ఉన్నాయో, ఏ మబ్బుకు గాలి లేస్తుందో వాళ్లకు తెలిసినట్టు ఏ మ్యాప్‌కూ తెలియదు. ఉత్తరాంధ్ర నుంచి దశాబ్దాల కిందట చేపల వేటకు వచ్చి శ్రీశైలం ఒడ్డున స్థిరపడిన కుటుంబాలదీ ఇదే విద్య. గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ ఉంది. అక్కడ ప్రాణరక్షణ, పడవ నడపడంలో శిక్షణ ఇస్తారు. ఈ రేవుల నుంచి, గండికోట, అవుకు ఒడ్డు ఊళ్ల నుంచి, నిర్వాసిత కాలనీల నుంచి యువతీ యువకులను ఎంపిక చేసి, ప్రభుత్వ ఖర్చుతో అక్కడికి పంపాలి. వెనక్కి వచ్చాక పడవలు వాళ్ల సంఘాల పేరునే ఇవ్వాలి, టెండరు వేసే బయటి కంపెనీల పేరున కాదు. వంతెన స్తంభాలు లేచేలోపు ఈ పని మొదలైతే ఒక్క కుటుంబం కూడా వలస బస్సు ఎక్కనక్కర్లేదు.